వాషింగ్టన్ శుద్ధి కార్యక్రమం

ఇందుమూలంగా సమస్త సిబ్బందికీ తెలియజేయడమేమనగా, మార్చి నెల మొదటి సోమవారం నుంచి మా కంపెనీలో ఆబ్జెక్టులు రద్దయ్యాయి. నోటీసు లిఫ్టు పక్కన అంటించారు. చదివినవాళ్ళెవరూ పెద్దగా ఉలిక్కిపడలేదు. అంతకు ముందు ఏడాది కాగితం రద్దయింది. ఆ ముందు ఏడాది కుర్చీలు రద్దయి, కాళ్ళు వాచేదాకా అందరం నిలబడి పనిచేశాం. ఈసారి ఆబ్జెక్టుల వంతు వచ్చింది, అంతే.

మాది మాంటెవిడియోలో కోర్దోన్ పేట. కింద టైర్ల కొట్టు, పైన మూడో అంతస్తులో మా లా బోయా సాఫ్ట్‌వేర్ సంస్థ. ఊళ్ళో క్లబ్బులకీ సంఘాలకీ ప్రోగ్రాములు రాసి పొట్ట పోసుకుంటాం.

తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. తెలిసినవారు ఈ పేరా దాటి పోవచ్చు. ప్రోగ్రాములు రాసేవాళ్ళలో రెండు మతాలున్నాయి. ఆబ్జెక్టు మతం వాళ్ళకు లోకమంతా డబ్బాలే. డబ్బాలో సమాచారం ఉంటుంది, దాన్ని మార్చుకునే హక్కూ ఆ డబ్బాకే ఉంటుంది. క్లబ్బు సభ్యుడు ఇల్లు మారితే, సభ్యుడనే డబ్బా పాత చిరునామా చెరిపేసి కొత్తది రాసుకుంటుంది. ఫంక్షన్ మతంలో ఇది మహాపాపం. అక్కడ ఒకసారి రాసింది రాసినట్టే ఉండాలి. ఇల్లు మారితే పాత సభ్యుణ్ణి వేలితోనైనా ముట్టుకోకుండా, కొత్త చిరునామాతో ఇంకో సభ్యుణ్ణి పుట్టించాలి. రెండు మతాలవాళ్ళూ ఆదివారం పూట ఒకే పొయ్యి మీద కాల్చిన మాంసం తినేవాళ్ళే గానీ, ఒకరి కోడ్ ఒకరికి చూపిస్తే మాత్రం మొహం తిప్పుకుంటారు.

ఆబ్జెక్టులను రద్దు చేసిన మహానుభావుడు మా కొత్త సాంకేతిక డైరెక్టరు ఇగ్నాసియో బెరూతి. ముప్పై నిండని మనిషి. అందరూ నాచో అంటారు. జనవరి సెలవుల్లో బ్రెజిల్‌లో జరిగిన ఒక సదస్సుకు వెళ్ళి ఉపన్యాసాలు విని వచ్చాడు. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాడు. వచ్చాక మాత్రం ఎవరైనా "ఎలా ఉన్నావు?" అని పలకరిస్తే, "నిన్న ఉన్నవాడు నిన్నట్లోనే ఉన్నాడు, ఈరోజు వాణ్ణి నేను" అనడం మొదలుపెట్టాడు. యాజమాన్యం అతని మేధస్సుకు ముగ్ధమై జీతం పెంచింది.

నోటీసు రోజున నాచో మమ్మల్నందరినీ నిలబెట్టి ప్రసంగించాడు.

"మిత్రులారా! ఇరవై ఏళ్ళుగా చెరుపుతూ, దిద్దుతూ, పైన పూస్తూ బతికాం. ఈ లోకంలో సకల బాధలకూ మూలం మార్పు! నేటి నుంచి మనం దేన్నీ మార్చం. ఇచ్చినదానికి ఇచ్చినట్టు జవాబు చెప్పడమే ఫంక్షన్ ధర్మం. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, అదే శుద్ధి! ఈ మహత్తర మార్పుకు మీరంతా సిద్ధమేనా?"

మేమంతా సిద్ధమే అన్నాం. జీతాలు పడే వారంలో మేం దేనికైనా సిద్ధమే అంటాం.

నోటీసు చివర చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది. ఆగస్టు వెళ్ళేలోగా ప్రతి ఉద్యోగీ కొత్త పద్ధతిలో ఒక ప్రోగ్రాము రాయాలి. అది అసలు వాడుకదార్ల ముందు నిలబడాలి. నిలబడకపోతే రాసినవారికి సంస్థ సంపూర్ణ స్వేచ్ఛను ప్రసాదిస్తుంది. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నవాడు ఒక్కడే, మా వాషింగ్టన్ ఎచెవెర్రి.

వాషింగ్టన్ అంటే ఊరు కాదు, మనిషి. యాభై దాటాడు. మా సంస్థలో అందరికంటే పాతవాడు. ఆబ్జెక్టుల్లో వాడంతటి వాడు ఈ తీరంలో లేడు. వాడి వంశవృక్షాలు చూసి తీరాలి. జీవి నుంచి మనిషి, మనిషి నుంచి సభ్యుడు, సభ్యుడి నుంచి బకాయి సభ్యుడు, ఇలా తరతరాలుగా దిగివచ్చేవి. ఒక క్లబ్బులో మాంసం కాల్చే పొయ్యిని కూడా సభ్యుడి సంతానంగా రాశాడు. పొయ్యికి, సభ్యుడికి చుట్టరికమేమిట్రా అని అడిగితే, "ఇద్దరికీ ఆదివారమే పనిరా, మిగతా రోజులు ఖాళీయే" అన్నాడు. ఆ ప్రోగ్రాము పదేళ్ళుగా నడుస్తోంది. పొయ్యికి ఏటా పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా వెళుతున్నాయి.

అలాంటి వాడు పాఠశాల పిల్లాడిలా మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఈ వయసులో బయటికి నెడితే పనిచ్చేవాళ్ళు లేరు. మా ఊళ్ళో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. తెల్లారేసరికి అందరికీ కబురు తెలుస్తుంది. వాడికి భయం వేసింది. వేసిందని వాడే చెప్పాడు.

"ఒరేయ్, నిద్ర పట్టట్లేదురా. కళ్ళు మూస్తే చాలు, ఏదో ఒకటి తనని తానే పిలుచుకుంటోంది."

"అది రికర్షన్ రా ముసలోడా. మంచి లక్షణమేనట. నాచో చెప్పాడు."

"నా బొంద మంచి లక్షణం! మెట్లెక్కడం ఎలాగయ్యా అంటే, ఒక మెట్టెక్కి, మిగతా మెట్లెక్కడం ఎలాగో మళ్ళీ అడుగు అంటాడు. ఇదేం చదువురా? మెట్లయ్యేదాకా ఎక్కు అని ఒక లూపు రాసి పారేస్తే పై అంతస్తులో ఉంటాం కదా!"

పాత అలవాటు ఊరికే పోదు. కొన్నాళ్ళు వాషింగ్టన్ సిగరెట్టు మానేసినవాడిలా తిరిగాడు. మధ్యాహ్నం పూట వెనక మెట్ల దగ్గరకు ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి, చాటుగా ఒక చిన్న ఆబ్జెక్టు రాసుకుని, చెరిపేసి, హాయిగా ఊపిరి పీల్చుకుని వచ్చేవాడు. నాచోకు వాసన తగిలినట్టుంది. "వాషింగ్టన్ గారూ, మీ కోడ్‌లో ఇంకా ఎక్కడో ఆబ్జెక్టు దాక్కుని ఉంది" అనేవాడు. వెతికితే దొరికేది కూడా.

శుద్ధి కోడ్‌తో ఆగలేదు. తెల్లబోర్డు మీద రాసింది చెరపడం కూడా మార్పే కనుక, బోర్డు నిండితే కొత్త బోర్డు తెప్పించారు. రెండు నెలల్లో నడవా నిండా బోర్డులు నిలబడి, బాత్రూముకి పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. కప్పులు కడగడం ఆపి కొత్తవి కొన్నారు. మే నెలలో వాషింగ్టన్ పుట్టినరోజు వచ్చింది. ఉద్యోగి వయసు మార్చడం నిషిద్ధం గనక, ఏడాది ఎక్కువ వయసున్న ఇంకో వాషింగ్టన్‌ని ఉద్యోగంలోకి తీసుకున్నట్టు రికార్డులు తయారయ్యాయి. కొత్తవాడికి కొత్త గుర్తింపు కార్డు ఇచ్చారు. ఇద్దరిలో ఎవరు ఆలస్యంగా వచ్చినా ఇద్దరికీ తాఖీదు వచ్చేది.

ఇవన్నీ భరించాం. జూన్‌లో మాత్రం గట్టి దెబ్బ తగిలింది. మాతే రద్దయింది.

మాతే అంటే ఎండిన ఆకు మీద వేడినీళ్ళు పోసి గొట్టంతో పీల్చే చేదు కషాయం, అది లేకుండా మా దేశంలో ఏ పనీ జరగదు. మా ఆఫీసులో ఒకటే సొరకాయ బుర్ర, ఒకటే గొట్టం. వేడినీళ్ళ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని పోసేవాడు వాషింగ్టన్. పోసి ఒకరికి ఇస్తాడు, వాడు పీల్చి తిరిగిస్తాడు, మళ్ళీ పోసి పక్కవాడికిస్తాడు. బుర్ర ఎవరి చేతిలో ఉంటే వాడు తన కష్టం చెప్పుకోవాలి. "ఈ లెక్క తేలడం లేదురా" అంటే, బుర్ర రెండోచుట్టు వచ్చేలోగా ఎవడో ఒకడు, "నువ్వు ఫలానాది మరిచిపోయావురా దున్నపోతా" అనేవాడు. ఇరవై ఏళ్ళుగా మా ప్రోగ్రాములన్నీ అలాగే బాగుపడ్డాయి. దాన్ని పరీక్షా విభాగం అనాలని మాకు ఎప్పుడూ తోచలేదు.

నాచో దాన్ని ఒక వారం పరిశీలించి నిర్ధారణకు వచ్చాడు.

"అందరూ కలిసి వాడే ఒకే పాత్ర! ప్రతివాడి నోటికీ అందులో సరుకు మారిపోతోంది! మిత్రులారా, మనం ఏ పాపాన్ని కోడ్‌లోంచి తరిమేశామో, అదే పాపాన్ని ఇక్కడ చేతులు మార్చుకుంటూ తాగుతున్నాం!"

"అది మాతే, నాచో బాబూ," అన్నాడు వాషింగ్టన్ దీనంగా.

"అది పంచుకున్న స్థితి, వాషింగ్టన్ గారూ."

మర్నాటి నుంచి తలా ఒక బుర్ర, తలా ఒక ఫ్లాస్కు. ఎవరి తెరవైపు వాళ్ళు తిరిగి, ఎవరిది వాళ్ళు పీల్చుకున్నాం. ఆఫీసు ఎంతో ప్రశాంతంగా ఉండేది. గొట్టం చివర గురగుర తప్ప మాట వినపడేది కాదు. వాషింగ్టన్ తనకు తానే పోసుకుని, తనకు తానే అందించుకుని, అలవాటు కొద్దీ ఎవరివైపో చూసేవాడు.

సరిగ్గా ఆ ప్రశాంతతలోనే వాడు తన అగ్నిపరీక్ష ప్రోగ్రాము రాశాడు. అది ఫరోల్ క్లబ్బు ఎన్నికల కోసం.

ఫరోల్ క్లబ్బు మా పేటదే. ఫుట్‌బాల్, క్యాంటీను, బోచాస్ ఆడే ఇసుక నేల. బోచాస్ అంటే బరువైన బంతులు దొర్లించి, ఎవరిది చిన్నబంతికి దగ్గరగా ఆగిందో చూసి కొట్లాడుకునే ఆట. వాషింగ్టన్ కూడా ఆ క్లబ్బు సభ్యుడే, ఆ నేల మీద పెరిగినవాడే. అధ్యక్షుడు దోన్ నెల్సన్ బర్బోసా, దోన్ అంటే మా దగ్గర గారు అన్నట్టు. ఆయన చాలాకాలంగా ప్రజల కోరిక మేరకు అయిష్టంగా పదవిలో కొనసాగుతున్నారు. ఈసారి పోటీకి మిర్తా తెచేరా నిలబడింది. స్కూల్లో వ్యాయామం పంతులమ్మ, గొంతు విప్పితే వీధి చివరికి వినపడుతుంది.

క్లబ్బు నియమావళి ఉదారమైనది. ఓటింగు ఆగస్టు నెలంతా ఫోన్లో నడుస్తుంది. వేసిన ఓటును ఆఖరి ఆదివారం సాయంత్రం దాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మనిషన్నాక మనసు మారుతుందని మా పెద్దలు ఆనాడే గుర్తించారు.

వాషింగ్టన్ ప్రోగ్రాము నియమం తప్పకుండా రాశాడు. సభ్యుడు ఓటు మార్చుకుంటే పాత సభ్యుణ్ణి ముట్టుకోలేదు. కొత్త ఓటుతో కొత్త సభ్యుణ్ణి పుట్టించాడు. చివర అందరినీ లెక్కపెట్టాడు. నాచో ఆ కోడ్‌ను పైనుంచి కిందికి చదివి, ఎక్కడా ఏదీ మారడం లేదని నిర్ధారించుకుని, కళ్ళు తుడుచుకుని, "వాషింగ్టన్ గారూ, మీరు శుద్ధులయ్యారు" అన్నాడు. ఒక మనిషికి నాలుగు రూపాలుంటే వాటిలో ఈనాటిది ఏదో చూడాలి కదా అని అడిగేవాడు లేకపోయాడు. అడగాల్సినవాళ్ళమంతా ఎవరి బుర్ర వాళ్ళు పీల్చుకుంటున్నాం.

ఆగస్టు మొదటి ఆదివారం దోన్ నెల్సన్ క్లబ్బులో విందు పెట్టారు. సభ్యులు ఒక చేత్తో సాసేజి రొట్టె పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ నొక్కి, దాదాపు అందరూ ఆయనకే ఓటేశారు. రెండోవారం బోచాస్ నేల చుట్టూ కంచె వేసి ఉంది. నేలను అధ్యక్షుల వారు తమ బావమరిది కార్ల పార్కింగు కోసం అద్దెకిచ్చారు. పేటంతా భగ్గుమంది. వాషింగ్టన్ కంచె దగ్గరే నిలబడి ఓటు మార్చుకున్నాడు. పేటలో నూటికి తొంభైమంది మిర్తా వైపు తిరిగారు.

ఆఖరి ఆదివారం సాయంత్రం క్యాంటీనులో తెర మీద ఫలితం పడింది. సభ్యులు తొమ్మిదివందల చిల్లర. పోలైన ఓట్లు పదిహేడు వందల పైచిలుకు. దోన్ నెల్సన్ గెలిచారు.

దోన్ నెల్సన్ లేచి, గుండెమీద చెయ్యి వేసుకున్నారు.

"ప్రియమైన సభ్యులారా! నూటికి నూరుమంది ఓటేసిన ఎన్నికలు చూశాను. నూటికి నూట తొంభైమంది ఓటేసిన ఎన్నిక ప్రపంచంలో ఇదొక్కటే! ప్రజాస్వామ్యం ఇంత లోతుగా పాతుకుపోయిన నేల మీద నిలబడినందుకు నా జన్మ ధన్యమైంది!"

"లోతుగా పాతింది నువ్వయ్యా, కంచె కర్రలు!" అని అరిచింది మిర్తా. "మళ్ళీ లెక్కపెట్టండి!"

మళ్ళీ లెక్కపెట్టారు. అదే జవాబు. ఇంకోసారి. అదే జవాబు. నాచో గర్వంతో వెలిగిపోతూ, "ఎన్నిసార్లు అడిగినా అదే వస్తుందండీ, అదే దీని గొప్పతనం" అని వివరించాడు.

అప్పుడు లేచాడు వాషింగ్టన్. మొహం పాలిపోయి ఉంది. వాడు నోరు విప్పితే ఉద్యోగం పోతుందని నాకు తెలుసు, వాడికీ తెలుసు. చొక్కా పట్టుకుని లాగాను, ఆగలేదు.

"తప్పు నాదండీ. మనసు మార్చుకున్న ప్రతివాడివీ రెండు ఓట్లూ లెక్కలో పడ్డాయి. పాతది తీసేయాలి. నేను మర్చిపోయాను. తీసేస్తే మిర్తా గారే గెలుస్తారు."

క్యాంటీను గొల్లుమంది. దోన్ నెల్సన్ చెయ్యెత్తి అందరినీ శాంతపరిచారు. ఆయన నిజంగా అనుభవజ్ఞులు.

"ఈ అబ్బాయి ఏమంటున్నాడో విన్నారుగా? మీరు మీ చేత్తో వేసిన ఓట్లను చెత్తబుట్టలో వేస్తాడట. నేనడుగుతున్నాను, మీ ఓటు మీరు వేయలేదా? ఎవరైనా మీ వేలు పట్టుకుని నొక్కించారా?"

"లేదు, మేమే వేశాం," అన్నారు సభ్యులు నిజాయితీగా.

"మీ ఓటు పారేయమనేవాళ్ళు చేతులెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. ఏ సభ్యుడి ఏ ఓటునూ ఏ కారణంచేతా తిరస్కరించరాదని తీర్మానం ప్రతిపాదించారు. వినడానికి ఎంతో గంభీరంగా ఉండటంతో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మిర్తా కూడా ముందు చప్పట్లు కొట్టి, తర్వాత ఆలోచనలో పడింది.

సోమవారం వాషింగ్టన్ తన సామాను అట్టపెట్టెలో సర్దుకుంటుండగా దోన్ నెల్సన్ దగ్గర్నుంచి మా సంస్థకు ప్రశంసాపత్రం వచ్చింది. ఇంతటి నమ్మకమైన ప్రోగ్రాము తన జీవితంలో చూడలేదని రాశారు. ఆ వారంలోనే మరికొన్ని క్లబ్బుల అధ్యక్షులు, ఒక దర్జీల సంఘం, రెండు మేనేజిమెంటు కమిటీలు అదే ప్రోగ్రాము కావాలని ఫోన్లు చేశాయి. ఏదీ మార్చవద్దని ప్రత్యేకంగా కోరారు. వాషింగ్టన్‌కి సంస్థ శుద్ధిరత్న బిరుదు ఇచ్చి, ఉద్యోగం ఖాయం చేసింది. వాడు పెట్టెలో సర్దిన సామానంతా మళ్ళీ తీసి బల్లమీద పెట్టుకుని, "ఒరేయ్, సిగ్గుగా ఉందిరా" అన్నాడు.

మరుసటి ఏడాది క్లబ్బుల సమాఖ్య కళ్ళు తెరిచింది. ఒక మనిషికి ఒకటే ఓటు లెక్కపెట్టాలని తాఖీదు పంపింది. నాచో మూడు బోర్డులు నింపాడు, ఎక్కడ సరిచేయాలో తేలలేదు. నాలుగో బోర్డు పెట్టడానికి నడవాలో చోటు లేదు. చివరికి ఒకరోజు తన బుర్ర తనే పట్టుకుని వాషింగ్టన్ బల్ల దగ్గరకు వచ్చాడు.

"అన్నా... ఒకటి పోసిపెట్టవా?"

వాషింగ్టన్ పోశాడు. బుర్ర చుట్టూ తిరిగింది. గదిలో ఏడాదిగా లేని గోల మొదలైంది. రెండోచుట్టు రాకముందే వాషింగ్టన్ తొడ చరుచుకుని లేచాడు.

"పాతవాణ్ణి చెరపక్కర్లేదురా! ఉండనీ! అందరిలోకీ ఆఖరివాణ్ణి అడిగితే చాలు! ఈ పద్ధతి ఎంత బాగుందిరా నాయనా, నిన్నటిది నిన్నటిగా ఉంటుంది, ఇవాళ్టిది ఇవాళ్టిగా ఉంటుంది!"

ఒక్క వాక్యంతో పని అయిపోయింది. వాడికి ఫంక్షన్ మతం వంటబట్టింది ఆ పూటే. మేమందరం వాణ్ణి కౌగిలించుకున్నాం. నాచో కూడా, కొంచెం మొహమాటపడి, కౌగిలించుకున్నాడు.

ఆగస్టులో ఫరోల్ క్లబ్బు ఎన్నికలు మళ్ళీ జరిగాయి. ఓట్లు సరిగ్గా సభ్యులెందరో అన్ని. మనిషికి ఒకటి, అదీ ఆఖరిది. దోన్ నెల్సన్ ఇంకా పెద్ద ఆధిక్యంతో గెలిచారు.

మర్నాడు మా మెట్లమీద సభ్యుల క్యూ. చేతిలో వినతిపత్రం. ప్రోగ్రాము తప్పు, తాము ఒక్కరూ ఆ నెల్సన్‌కి వేయలేదు, బోచాస్ నేల మింగినవాడికి వేస్తామా, కనుక వాషింగ్టన్‌ని వెంటనే ఉద్యోగం నుంచి తీసేయాలి. యాజమాన్యం నాచో వైపు, నాచో వాషింగ్టన్ వైపు చూశారు. పోయినేడు తప్పు చేసి నిలబెట్టుకున్న ఉద్యోగం, ఈ ఏడు ఒప్పు చేసినందుకు ఊడేలా ఉంది.

"ఒక్కొక్కరినీ లోపలికి పంపండి, ఎవరి ఓట్ల వరస వాళ్ళకే చూపిస్తాను," అన్నాడు వాషింగ్టన్.

మొదట వచ్చింది బోచాస్ జట్టు నాయకుడు. కోపంతో ఊగిపోతున్నాడు. వాషింగ్టన్ తెర అతనివైపు తిప్పాడు. మూడో తారీకు మిర్తా. పదిహేనున మిర్తా. ఆఖరి ఆదివారం, ఓటింగు ముగియడానికి కాస్త ముందు, నెల్సన్. ఆ ఆదివారం ఉదయమే, పార్కింగులో సభ్యుల కార్లకు ఉచితమని అధ్యక్షులవారు ప్రకటించారు.

అతను తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించాడు.

"ఇదొక్కటీ చెరిపేయడానికి కుదరదా, అన్నా?"

"కుదరదు బాబూ. రాసింది రాసినట్టే ఉంటుంది."

అతను బయటికి వెళ్ళి, క్యూలో ఉన్నవాళ్ళతో, "నేను చెప్పలా? ప్రోగ్రామే తప్పు" అన్నాడు. రెండోవాడు లోపలికి వచ్చాడు. అలా సాయంత్రం దాకా వస్తూనే ఉన్నారు, గొంతు తగ్గిస్తూనే ఉన్నారు.

ఆ వారాంతంలో క్లబ్బు సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రోగ్రాములో తప్పున్న మాట వాస్తవమే. అయినా పెద్దవాడు, మన పేటవాడు, పొట్ట కొట్టడం మర్యాద కాదు గనక వాషింగ్టన్ ఎచెవెర్రిని క్లబ్బు పెద్దమనసుతో క్షమిస్తోంది. వచ్చే ఎన్నికలూ అతనికే అప్పగిస్తోంది. సభ్యులు కోరేది చిన్న సవరణ ఒక్కటే. ఓటు అత్యంత రహస్యమైనది కాబట్టి, ఇకమీదట ఎవరి ఓటు వారికి కూడా కనపడకుండా చూడాలి.